పేరు, శాతం, వాటా: వైకల్య చట్టం ముందు తలసేమియా

చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఉన్న పురానీ హవేలీ, ఛత్తా బజార్ వీధులకు తలసేమియా చరిత్రలో ఒక చోటుంది. 1998లో ఏర్పడిన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ చాలా ఏళ్లు ఇక్కడి నుంచే పనిచేసి, తర్వాత శివరాంపల్లికి మారింది. తలసేమియా వల్ల రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాల్సిన పిల్లలు 2017 ఏప్రిల్ 18 దాకా చట్టం లెక్కలో రోగులు. మర్నాడు దివ్యాంగుల హక్కుల చట్టం అమల్లోకి రాగానే వికలాంగుల జాబితాలో చేరారు. ఒంట్లో జబ్బు నిన్నటిదే, నిర్వచనం కొత్తది.

ఆ మార్పుతో చర్చ ముగియాల్సింది. అలా జరగలేదు. జాబితాలో పేరుంది కానీ ఉద్యోగ రిజర్వేషన్ లేదు. సర్టిఫికెట్ వచ్చినా శాతం చాలదు. ఒక శాఖ వికలాంగుడన్న మనిషిని ఇంకో శాఖ రోగి అంటుంది. అంతగా తెలియని జబ్బులున్నవాళ్ల విషయంలో ఈ చిక్కు ఎలా పడింది, ఎవరి వాదన ఏమిటి, ఇంకా తేలనివేమిటి అన్నది ఈ సమీక్ష పరిశీలిస్తుంది.

కొలతకు లొంగని జబ్బు

తలసేమియా మేజర్ ఉన్న బిడ్డ ఒంట్లో సరిపడా హిమోగ్లోబిన్ తయారుకాదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ లోపపు జన్యువును మోసే వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మన దేశ జనాభాలో 3 నుంచి 4 శాతం మంది వాహకులని, ఏటా 10,000కు పైగా పిల్లలు ఈ జబ్బుతో పుడుతున్నారని వైద్యరంగ అంచనా. మేనరికాలు, దగ్గరి సంబంధాలు చేసుకునే కుటుంబాల్లో, వాళ్లు ఏ మతం వాళ్లైనా, వాహకులిద్దరు జతపడే అవకాశం ఎక్కువ. సికిల్ సెల్ కూడా హిమోగ్లోబిన్ లోపమే. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, పాడేరు ప్రాంతాల గిరిజన గూడేల్లో అది ఎక్కువగా కనబడుతుంది. దాని బాధ వేరు: కొన్నాళ్లు మామూలుగా ఉండి, ఉన్నట్టుండి ఎముకల్లో, కీళ్లలో భరించలేని నొప్పి లేస్తుంది.

రక్తం ఎక్కిన వారంలో తలసేమియా ఉన్న కుర్రాడు మెట్లెక్కగలడు, పరీక్ష రాయగలడు, లాడ్ బజార్ దుకాణంలో పొద్దస్తమానం నిలబడి గాజులు అమ్మగలడు. తర్వాతి ఎక్కింపు రోజు దగ్గరపడే కొద్దీ ఆయాసం, నీరసం కమ్ముకుంటాయి. ఎక్కిన రక్తంతోపాటు ఇనుము పేరుకుని ఏళ్ల మీద గుండెను, కాలేయాన్ని, వినాళ గ్రంథులను దెబ్బతీస్తుంది. దాన్ని బయటికి పంపే మందులు రోజూ వాడాలి. గాజుల పని, జర్దోజీ పని, రోజు కూలీల మీద నడిచే పాతబస్తీ ఇళ్లలో బిడ్డతో ఆస్పత్రిలో గడిచిన ప్రతి రోజూ పెద్దవాళ్లలో ఒకరి సంపాదన పోయిన రోజే.

తెగిన చేతిని కొలిచినట్టు ఈ స్థితిని కొలవలేం. డాక్టరు చూసిన రోజును బట్టి మనిషి వేరుగా కనబడతాడు. నష్టం నెలల్లో, ఏళ్లలో పోగుపడుతుంది. ఒక్క రోజు పరీక్షతో దాన్ని పట్టుకోవాలని చూసే పద్ధతి దగ్గరే గొడవ మొదలవుతుంది.

ఏడు నుంచి ఇరవై ఒకటికి

మన దేశంలో వైకల్యాన్ని తొలిసారి విస్తృతంగా నిర్వచించింది 1995 నాటి వికలాంగుల చట్టం. 1996 ఫిబ్రవరి 7న అమల్లోకి వచ్చిన ఆ చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించింది: అంధత్వం, చూపు మందగించడం, నయమైన కుష్ఠు, వినికిడి లోపం, చలన వైకల్యం, బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి. కనీసం 40 శాతం వైకల్యం ఉండాలన్న గీత అప్పుడే వచ్చింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలను చేర్చుకుంది గాని దాని పరిధి చిన్నది.

2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక ఆలోచననే మార్చింది. దాని ప్రకారం దీర్ఘకాలిక లోపానికి సమాజంలోని అడ్డంకులు తోడైనప్పుడు వైకల్యం ఏర్పడుతుంది. భారత్ దాన్ని 2007 అక్టోబర్ 1న ఆమోదించింది. దానికి తగినట్టు చట్టం మార్చడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. 2014లో రాజ్యసభ ముందుకొచ్చిన బిల్లులో 19 వైకల్యాలుండగా, 2016 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదించిన చట్టంలో అవి 21 అయ్యాయి. హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ వంటివి ఆ జాబితాలోకి వచ్చాయి.

కొత్త చట్టం రెండు ఆలోచనలను ఒకే చోట పెట్టింది. 'వికలాంగ వ్యక్తి' అన్న నిర్వచనంలో ఒడంబడిక స్ఫూర్తితో అడ్డంకుల మాట ఉంది. షెడ్యూలులో మాత్రం పాత పద్ధతిలోనే జబ్బుల పేర్లున్నాయి. మొదటిది విశాలం, రెండోది ఇరుకు. ఏ హక్కుకు ఏది వర్తిస్తుందన్న తగాదా ఈ రెంటి మధ్య నుంచి పుట్టిందే.

మూడు గడపలు

చట్టం చదివితే హక్కుకూ మనిషికీ మధ్య మూడు గడపలు కనబడతాయి.

మొదటిది పేరు. జబ్బు షెడ్యూలులో ఉండాలి. తలసేమియా 2017లో ఈ గడప దాటింది. కండరాల క్షీణత జబ్బుల్లో మస్క్యులర్ డిస్ట్రఫీ పేరు షెడ్యూలులో ఉంది. వెన్నుపాము నాడుల వల్ల కండరాలు క్షీణించే ఎస్ఎంఏ పేరు లేదు. ఆ పిల్లలు చలన వైకల్యం కిందో, మరో పేరు కిందో లోపలికి రావాలి. ఊపిరితిత్తులదో, పేగులదో అయిన అరుదైన జబ్బుకు ఆ దారి కూడా సులువుగా దొరకదు.

రెండోది శాతం. కనీసం 40 శాతం వైకల్యం ఉందని ధ్రువీకరిస్తేనే చట్టం భాషలో 'బెంచ్‌మార్క్' వైకల్యం అవుతుంది. ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, ఉద్యోగాల్లో 4 శాతం పోస్టులు దాని మీదే ఆధారపడ్డాయి. కొలిచే మార్గదర్శకాలు 2018 జనవరిలో వెలువడ్డాయి, 2024 మార్చిలో మారాయి. 2024 అక్టోబర్‌లో సవరించిన నిబంధనలు గుర్తింపు కార్డులకు రంగులు కేటాయించాయి: 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. తెల్లకార్డు వైకల్యం ఉందని ఒప్పుకుంటుంది, కోటా మాత్రం ఇవ్వదు.

మూడోది వాటా. దీని గురించి బయట అంతగా మాట్లాడరు. చట్టంలోని 34వ సెక్షన్ ఉద్యోగాల 4 శాతాన్ని పంచిపెట్టింది: చూపు లోపాలకు 1, వినికిడి లోపాలకు 1, చలన సంబంధ వైకల్యాలకు 1, ఆటిజం, మేధోవైకల్యం, అభ్యాస వైకల్యం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యాలన్నిటికీ కలిపి 1. రక్త సంబంధ జబ్బుల పేరు ఈ పంపకంలో ఎక్కడా లేదు. మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్‌లకు కూడా చోటు దక్కలేదు. తలసేమియా ఉన్న విద్యార్థి 40 శాతం సర్టిఫికెట్‌తో కోటాలో డిగ్రీ సీటు పొందవచ్చు. అదే సర్టిఫికెట్‌తో సర్కారు కొలువుకు వెళితే వాటా లేదు.

ఒకే మనిషి, శాఖకో పేరు

చట్టం పుస్తకం దాటి కార్యాలయాల్లోకి వస్తే అయోమయం ఇంకా పెరుగుతుంది. రైల్వే రాయితీల పట్టికలో వికలాంగుల వరుస వేరు, రోగుల వరుస వేరు. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నవాళ్లు రోగుల వరుసలో ఉంటారు, చికిత్సకు వెళ్లే ప్రయాణానికే రాయితీ. 1961 ఆదాయపు పన్ను చట్టంలో వైకల్యానికి ఇచ్చే మినహాయింపు 1995 నాటి నిర్వచనాన్ని పట్టుకుని నడిచింది. తలసేమియా, హీమోఫీలియా దానికి బదులు 'నిర్దిష్ట వ్యాధుల' చికిత్స ఖర్చు కింద మరో సెక్షన్లో చేరాయి. 2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులున్నారని తేల్చింది. ఆ లెక్క అడిగిన ప్రశ్నల్లో రక్త సంబంధ జబ్బుల ఊసు లేదు.

తెలుగు రాష్ట్రాల ధ్రువీకరణ చరిత్ర కూడా ఇలాంటిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 ప్రాంతంలో వచ్చిన సదరం విధానం ఆనాటి చట్టానికి తగినట్టు పాత వైకల్యాల చుట్టూనే తయారైంది. చట్టం 2017లో మారినా, తెలంగాణ సదరం నుంచి 21 వైకల్యాలకూ వర్తించే కేంద్ర యూడీఐడీ గుర్తింపు కార్డుల పోర్టల్‌కు మారింది 2025లో. చట్టంలో పేరు ఎక్కడానికీ కంప్యూటర్ తెరమీద ఆ పేరు ఎంచుకోవడానికీ మధ్య ఏళ్లు గడిచాయి. ఉర్దూ మాట్లాడే పాతబస్తీ కుటుంబాలకు మీసేవ స్లాట్, ఇంగ్లీషు ఫారం, ఆస్పత్రి క్యాంపు అనే మూడు మెట్లు అదనం. ఉర్దూ 2017లో రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయినా కాగితాల మీద ఆ మార్పు పూర్తిగా రాలేదు.

పింఛన్ల దగ్గర రెండు రాష్ట్రాలు రెండు దారులు పట్టాయి. తెలంగాణ ఆసరా పథకంలో వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలైంది. దానికి ఆధారం శాతం. ఆంధ్రప్రదేశ్ 2020 జనవరి నుంచి తలసేమియా, సికిల్ సెల్, తీవ్ర హీమోఫీలియా ఉన్నవాళ్లకు నెలకు 10,000 రూపాయలు వేరే పద్దు కింద ఇస్తోంది. అక్కడ అడిగేది జబ్బు నిర్ధారణను. ఒక రాష్ట్రంలో వైకల్యం ఎంతుందో నిరూపించాలి, మరో రాష్ట్రంలో జబ్బు ఉందని చూపిస్తే చాలు.

నాలుగు వాదాలు

ఈ చర్చలో ప్రధానంగా నాలుగు వాదాలు వినబడతాయి.

మొదటిది జాబితా వాదం. రోగుల సంఘాలు, తల్లిదండ్రుల సంఘాలు ఎక్కువగా ఈ పక్షాన ఉంటాయి. పేరు లేకపోతే గుమాస్తా కాగితమే తీసుకోడు, కాబట్టి ముందు పేరు చేర్చాలి అంటారు. 21 వైకల్యాల చట్టం ఈ ఒత్తిడి ఫలితమే. దీని బలం స్పష్టత. బలహీనత ఏమంటే, అరుదైన జబ్బులు వేలల్లో ఉన్నాయి, ప్రతి పేరుకూ ఒక ఉద్యమం కావాలి. సంఘం పెట్టుకునేంత మంది లేని జబ్బు ఎప్పటికీ బయటే ఉంటుంది.

రెండోది అడ్డంకుల వాదం. వికలాంగుల హక్కుల ఉద్యమంలో, న్యాయశాస్త్రంలో దీనికి బలం ఎక్కువ. జబ్బు పేరును పక్కనబెట్టి, మనిషికి ఏ పని దగ్గర ఏ అడ్డు వస్తోందో చూడాలంటారు. సూత్రప్రాయంగా ఇది అందరినీ కలుపుకుంటుంది. మండల స్థాయిలో దాన్ని కొలిచి ధ్రువీకరించే యంత్రాంగం మాత్రం లేదు. నిర్ణయం అధికారి విచక్షణకు వెళితే చదువు, పలుకుబడి ఉన్నవాళ్లే గెలుస్తారన్న భయమూ ఉంది.

మూడోది కాపలా వాదం. కోటా కొన్ని శాతాలే, పింఛను డబ్బు పరిమితం, తలుపులు తెరిచే కొద్దీ చూపులేనివాళ్లు, చెవిటివాళ్లు నష్టపోతారన్నది దీని సారం. దొంగ సర్టిఫికెట్ల వివాదాలు దీనికి ఊతం. 2025లో ఆంధ్రప్రదేశ్ సదరం ధ్రువపత్రాలను తిరిగి పరిశీలించడం వెనుక ఉన్నదీ ఈ ఆలోచనే. ఇందులో నిజముంది: పెంచకుండా పంచితే ఎవరి వాటానో తగ్గుతుంది. అయితే అలాంటి వడపోతలో, బయటికి ఏమీ కనబడని జబ్బున్నవాడి మీదే ముందుగా అనుమానం పడుతుంది.

నాలుగోది వైద్య వాదం. తలసేమియాకు కావలసింది సురక్షితమైన రక్తం, మందులు, పుట్టకముందే పరీక్షలు. వైకల్యం ముద్ర ఎందుకు అన్నది దీని ప్రశ్న. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం, 2047 నాటికి సికిల్ సెల్‌ను నిర్మూలించాలని 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ ఈ దారిలోనివే. అరుదైన వ్యాధుల విధానం కింద చికిత్స సాయం 2022లో 50 లక్షల రూపాయల దాకా పెరిగింది. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి ఆ విధానంలోని ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. చికిత్స ప్రాణం నిలబెడుతుంది. చికిత్సతో బతికి పాతికేళ్లకు వచ్చిన మనిషి ఉద్యోగం అడిగినప్పుడు, సెలవు అడిగినప్పుడు ఈ వాదం దగ్గర జవాబు లేదు.

కోర్టులు ఎటు మొగ్గాయి

2021 నుంచి సుప్రీంకోర్టు రెండోదైన అడ్డంకుల వాదం వైపు నడిచింది. యూపీఎస్సీ పరీక్షలో చేతి కండరాలు బిగుసుకుపోయే 'రైటర్స్ క్రాంప్' ఉన్న అభ్యర్థికి లేఖకుణ్ణి ఇవ్వడం కుదరదన్న కేసులో 2021 ఫిబ్రవరి 11న తీర్పు వచ్చింది. 40 శాతం గీత రిజర్వేషన్లకే గాని, పరీక్ష రాయడానికి ఇవ్వాల్సిన తగిన సదుపాయానికి కాదని కోర్టు తేల్చింది. 2025 ఫిబ్రవరిలో బ్యాంకు పరీక్షల కేసులో ఆ సూత్రాన్నే మళ్లీ చెప్పింది. వైద్యవిద్య ప్రవేశాల్లో శాతం అంకె ఒక్కటే చూసి అనర్హులనకూడదని, ఆ కోర్సు చదవగలరా లేదా అన్నది వైద్య బోర్డు పరిశీలించాలని 2024 అక్టోబర్ 15న చెప్పింది. అంతకు ముందు రక్త సంబంధ జబ్బులున్నవాళ్లకు ఎంబీబీఎస్‌లో 40 లోపైతే కోటా లేదు, 80 దాటితే సీటే లేదు.

తెలంగాణకు దగ్గరి కేసు ఆర్టీసీది. రంగులు గుర్తించలేడని వైద్య పరీక్షలో తేలడంతో ఉద్యోగం పోయిన డ్రైవర్‌కు వేరే పని చూపించాల్సిందేనని 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వర్ణాంధత 21 వైకల్యాల్లో లేదు. కోర్టుకు ఆసరా అయింది సంస్థకూ కార్మికులకూ మధ్య 1979లో కుదిరిన ఒప్పందం. జాబితాలో లేని లోపానికి కార్మిక ఒప్పందం రక్షణ ఇచ్చిందన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం.

అయితే కోర్టుకు వెళ్లగలిగింది ఎక్కువగా చదువుకుని పోటీ పరీక్షల దాకా వచ్చినవాళ్లు. దుకాణంలో, కార్ఖానాలో రోజు కూలీకి పనిచేసేవాడికి 'తగిన సదుపాయం' ఇమ్మని ఎవరిని అడగాలో కూడా తెలియదు.

బయటి దేశాల అనుభవం

అమెరికా 1990 చట్టంలో జబ్బుల జాబితా లేదు. ముఖ్యమైన జీవన క్రియలకు గణనీయమైన ఆటంకం అన్నదే ప్రమాణం. కోర్టులు దాన్ని ఇరుకు చేయడంతో, మందులతో అదుపులో ఉంటే వైకల్యం కాదనే స్థితి వచ్చింది. 2008 సవరణ దాన్ని సరిచేసింది: మందుల ప్రభావాన్ని పక్కనబెట్టి చూడాలి, వచ్చిపోయే జబ్బును అది విజృంభించిన స్థితిలో చూడాలి. రక్తం ఎక్కిన వారం, ఎక్కని వారం అనే తలసేమియా చిక్కుకు ఇది నేరుగా తగిన జవాబు. బ్రిటన్ 2010 సమానత్వ చట్టం రెంటినీ కలిపింది: సాధారణ నిర్వచనం ఉంచుతూ, క్యాన్సర్, హెచ్ఐవీ, మల్టిపుల్ స్క్లెరోసిస్‌లను నిర్ధారణ జరిగిన రోజు నుంచే వైకల్యంగా లెక్కిస్తుంది. ఈ రెండు చట్టాల ముఖ్య ఉద్దేశం వివక్షను ఆపడం. మన చట్టం వివక్షను ఆపడంతోపాటు సీట్లు, పోస్టులు పంచాలి. కాబట్టి అక్కడి నిర్వచనం ఇక్కడ సగం పనికే సరిపోతుంది.

తులనాత్మక సారం

- జాబితా పద్ధతి: అధికారికి సులువు, తెలిసిన జబ్బుకు మేలు, పేరులేని జబ్బుకు తలుపు మూత.
- శాతం పద్ధతి: పంపకానికి ఒక గీత దొరుకుతుంది, హెచ్చుతగ్గుల జబ్బు ఆ గీత దగ్గర తప్పిపోతుంది.
- అడ్డంకుల పద్ధతి: అందరికీ చోటుంది, కొలిచే యంత్రాంగం లేదు, కోర్టు దాకా వెళ్లగలిగినవాళ్లకే ఇప్పటిదాకా ఫలించింది.
- జబ్బు ఆధారిత పింఛను: శాతం గొడవ లేదు, డబ్బు త్వరగా చేరుతుంది, చదువు, ఉద్యోగ హక్కులు దాని వెంట రావు.

తేలనివి

మూడు ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. వచ్చిపోయే, లోలోపల ముదిరే జబ్బును ఏ రోజున, ఎన్నాళ్ల రికార్డు చూసి కొలవాలి? చికిత్సతో బాగున్న మనిషిని చికిత్స తీసేసి ఊహించి కొలవాలా, ఉన్నట్టుగానే కొలవాలా? 34వ సెక్షన్లో చోటులేని వైకల్యాలకు 4 శాతంలోనే వాటా పంచాలా, మొత్తాన్నే పెంచాలా?

వీటికి ఒకే నిర్వచనంతో జవాబు వెతకడమే ఇన్నాళ్ల చిక్కుకు మూలం. పరీక్షలో అదనపు సమయం, రక్తం ఎక్కించుకునే రోజుకు సెలవు, ఉద్యోగం నుంచి తీసేయకుండా రక్షణ: వీటి వల్ల ఒకరి వాటా ఇంకొకరికి పోదు. కాబట్టి శాతం అక్కర్లేదు, అడ్డంకి ఉందని తేలితే చాలు. పింఛనుకు చూడాల్సింది చికిత్స మోపే ఖర్చు, పోయే కూలి. అక్కడ ఆంధ్ర పద్ధతికి బలముంది. రిజర్వేషన్‌కు మాత్రం గీత తప్పదు. ఆ గీత ఒక్క రోజు పరీక్ష మీద కాక ఏడాది చికిత్స రికార్డు మీద పడాలి, దాన్ని దాటినవాళ్లకు వాటా నిజంగా ఉండాలి.

ఎవరిని ఏం అడగాలన్నది కూడా దీంతోనే తేలుతుంది. షెడ్యూలులో కొత్త పేరు చేర్చడానికి కేంద్రం నోటిఫికేషన్ చాలు, ఆ అధికారం చట్టంలోనే ఉంది. కొలత పద్ధతిని కేంద్రం మార్గదర్శకాలతోనే మార్చవచ్చు. పింఛను రాష్ట్రాల చేతిలో ఉంది. ఉద్యోగాల వాటాకు మాత్రం పార్లమెంటు చట్టాన్ని సవరించాలి. ఇన్నాళ్లూ డిమాండ్లన్నీ మొదటి పని చుట్టూ తిరిగాయి. తలసేమియా ఆ పని సాధించి ఎనిమిదేళ్లు దాటింది. ఇకపై పోరాటం మిగిలిన మూడు చోట్లా జరగాలని దాని అనుభవం చెబుతోంది.